స్టెబిలైజ్డ్ ఫ్లాట్ లీజు మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాల్సిందేనా? (క్వీన్స్, న్యూయార్క్)

బ్రయర్‌వుడ్ వాసి · 2026 జనవరి 11

అందరికీ నమస్కారం. మేము క్వీన్స్‌లోని బ్రయర్‌వుడ్‌లో ఉంటున్నాం. ఒక పడకగది ఫ్లాటు, 1950లలో కట్టిన ఆరంతస్తుల భవనం, రెంట్ స్టెబిలైజ్డ్ (అంటే అద్దె ఎంత పెంచవచ్చో నగర బోర్డు నిర్ణయించే ఇల్లు). 2024 అక్టోబరులో లీజు పొడిగించినప్పుడు ఏడాదికైతే 2.75 శాతం, రెండేళ్లకైతే 5.25 శాతం పెంపు అన్నారు. రెండేళ్లకే సంతకం పెట్టాం. ప్రస్తుతం అద్దె 1,860 డాలర్లు, గడువు 2026 సెప్టెంబరు 30.

నాకు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం ఖాయమైంది. మార్చి నెలాఖరుకల్లా అక్కడ ఉండాలి. భవనం మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి ఉద్యోగిని తడుముకోకుండా చెప్పింది: సెప్టెంబరు దాకా అద్దె కట్టండి, లేదా మూడు నెలల అద్దె కట్టి డిపాజిట్ వదులుకోండి. మొదటి లెక్క 11,160 డాలర్లు. రెండోది, మా 1,700 డిపాజిట్ కలిపితే 7,280. హైదరాబాద్‌లో నెల ముందు చెప్పి, సున్నం డబ్బులు పట్టుకున్నాక మిగిలిన అడ్వాన్సు తీసుకుని వచ్చేసేవాళ్లం. ఇక్కడ పద్ధతి ఏమిటి? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జెర్సీ జనార్దన్ · జనవరి 11

కంగారు పడకండి బ్రదర్. నెల ముందు ఒక ఈమెయిలు పడేసి, తాళాలు సూపర్ (భవనం బాగోగులు చూసే ఉద్యోగి) చేతిలో పెట్టి వెళ్లిపోండి. కొత్తవాళ్లను వెతుక్కోవడం యజమాని బాధ్యత. జెర్సీ సిటీలో మా స్నేహితులందరూ అలాగే చేశారు, ఎవరి మీదా కేసు పడలేదు.

పాత కాపు · జనవరి 11

జనార్దన్ గారూ, మీరు చెప్పింది హడ్సన్ నదికి అవతలి సంగతి. ఖాళీ చేసిన ఇంటిని మళ్లీ అద్దెకిచ్చి నష్టం తగ్గించుకోవాల్సిన బాధ్యత యజమానిదేనని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. న్యూయార్క్‌లో నివాస గృహాలకు ఆ నియమం చట్టంగా వచ్చింది 2019 జూన్‌లో. అంతకుముందు ఇక్కడి యజమాని ఖాళీ ఇంటికి తాళం వేసుకుని కూర్చుని, గడువు ముగిసేదాకా మీ దగ్గర అద్దె అడిగినా కోర్టులు చాలావరకు సరేననేవి. ఈ వేదికలోని పాత టపాలు చదివి ఎవరూ నిర్ణయం తీసుకోకండి. 2019కి ముందువైతే సగానికి సగం ఇప్పుడు చెల్లవు.

ఇక బ్రయర్‌వుడ్ గారూ, ఆ చట్టం రియల్ ప్రాపర్టీ లాలో 227-ఈ సెక్షన్. మీరు గడువుకు ముందే వెళ్లిపోతే, యజమాని తన శక్తి మేరకు, చిత్తశుద్ధితో ఆ ఇంటిని మళ్లీ అద్దెకివ్వడానికి ప్రయత్నించాలి. మార్కెట్ అద్దె, మీ అద్దె, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికి. కొత్తవాళ్లు దిగిన రోజుతో మీ లీజు ముగిసినట్టే. ప్రయత్నించానని నిరూపించుకోవాల్సిన భారం కూడా డబ్బు అడిగేవాడిదే. 'ఆ బాధ్యత మాకు లేదు' అని లీజులో రాసుకున్నా ఆ వాక్యం చెల్లదు.

ఇప్పుడు లెక్క వేయండి. బ్రయర్‌వుడ్‌లో 1,860కి ఒక పడకగది ఇల్లు అని ప్రకటన పెడితే, శనివారం పొద్దున ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల వరుస మెట్ల దాకా ఉంటుంది. అలాంటి ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉండిపోయిందని జడ్జిని నమ్మించడం ఆ కంపెనీకి అంత తేలిక కాదు. ఆవిడ ఫోన్‌లో చెప్పిన 11,160 బేరానికి ముందు చెప్పే ధర.

అలాగని తాళాలు సూపర్ చేతిలో పెట్టి వెళ్లమని నేను చెప్పను. సూపర్‌కు మీ ఇల్లు తిరిగి తీసుకునే అధికారం ఉందో లేదో రేపు కోర్టులో పెద్ద చర్చవుతుంది. అప్పుడు మీరు ఇర్వింగ్‌లో ఉంటారు.

వేపపుల్ల · జనవరి 12

అందరూ ఎలా వదిలించుకోవాలో చెబుతున్నారు. స్టెబిలైజ్డ్ ఇల్లు ఎందుకు వదులుతున్నారని ఒక్కరూ అడగరా? డాలస్ ఉద్యోగం ఆరు నెలలు కూడా నిలవకపోతే తిరిగొచ్చి ఎక్కడ ఉంటారు? అదే వీధిలో స్టెబిలైజ్డ్ కాని ఇంటికి ఎంత అడుగుతున్నారో ఒకసారి చూసుకోండి. చూశాక కాసేపు కూర్చోవాల్సి వస్తుంది.

బ్రయర్‌వుడ్ వాసి · జనవరి 12

వేపపుల్ల గారూ, మీ మాటలో చేదున్నా నిజముంది. కానీ ఉద్యోగం శాశ్వతమైనదే. మా ఆవిడకూ అక్కడే బదిలీ దొరుకుతోంది, పాపను బడిలో వేయాలి. తిరిగి వచ్చే ఆలోచన లేదు.

పాత కాపు గారూ, చాలా కృతజ్ఞతలు. సెప్టెంబరు దాకా ఎవరికైనా సబ్‌లెట్ ఇచ్చేస్తే (లీజు మా పేరునే ఉంచి, ఇంట్లో మరొకరిని అద్దెకు పెడితే) సమస్య తీరదా? నా సహోద్యోగి ఒకరు సిద్ధంగా ఉన్నారు.

లక్ష్మి, ఫారెస్ట్ హిల్స్ · జనవరి 12

అద్దెదారుల తరఫున వాదించే ఒక లాయరు కార్యాలయంలో పనిచేస్తాను. నేను లాయరును కాదు. కానీ ఇలాంటి కాగితాలు రోజూ నా బల్ల మీదకు వస్తుంటాయి.

సబ్‌లెట్ మీకు పనికిరాదు. మీ భవనంలో ఇళ్లు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి సబ్‌లెట్ అడిగే హక్కు చట్టప్రకారం మీకుంది, సరైన కారణం లేకుండా యజమాని కాదనలేడు. అయితే స్టెబిలైజ్డ్ ఇంటికి అదనంగా ఒక షరతు ఉంది. అది మీ ప్రధాన నివాసమై ఉండాలి, సబ్‌లెట్ ముగిశాక మీరు తిరిగి వచ్చి ఉండే ఉద్దేశం ఉండాలి. నాలుగేళ్లలో రెండేళ్లకు మించి సబ్‌లెట్ ఇవ్వకూడదు. తిరిగి రానని మీరే ఇక్కడ రాశారు. దరఖాస్తులో 'తిరిగి వస్తాం' అని రాస్తే అబద్ధమవుతుంది. పైగా సబ్‌లెట్‌లో దిగినవాళ్లు అద్దె ఎగ్గొట్టినా, గోడలు పాడుచేసినా యజమాని పట్టుకునేది మిమ్మల్నే.

మీలాంటివాళ్లకు పనికొచ్చేది అసైన్‌మెంట్. అంటే లీజునే పూర్తిగా మరొకరి పేరుకు బదిలీ చేయడం. అదే రియల్ ప్రాపర్టీ లాలో 226-బి సెక్షన్ మొదటి భాగం చదవండి. చిన్నదే, కానీ అందులో ఒక మలుపు ఉంది. బదిలీకి యజమాని ఏ కారణమూ చెప్పకుండా 'కుదరదు' అనవచ్చు. అయితే ఆ నిరాకరణ అసమంజసమైతే, మీరు అడిగిన మీదట 30 రోజుల నోటీసుతో మిమ్మల్ని లీజు నుంచి విడుదల చేయాలి. అంటే మంచి ఉద్యోగం, మంచి క్రెడిట్ ఉన్న మనిషిని మీరు చూపించి, వాళ్లు ఊరికే కాదంటే, ఆ కాదనడమే మీకు విడుదల పత్రం. వాళ్ల నిరాకరణకు తగిన కారణముంటే మాత్రం (మీరు చూపించిన మనిషికి ఆదాయం చాలదనుకోండి) బదిలీ లేదు, విడుదలా లేదు. అందుకే ఎవరిని చూపిస్తున్నారన్నదే ఇక్కడ అసలు విషయం. మొహమాటానికి స్నేహితుడి స్నేహితుడిని చూపించకండి.

ఒకవేళ ఒప్పుకుంటే, కొత్త మనిషి సంతకంతో పాటు 'పాత అద్దెదారుకు ఇక ఏ బాధ్యతా లేదు' అన్న వాక్యం యజమాని చేత రాయించుకోండి. అది లేకపోతే వచ్చినతను కట్టని అద్దెకు మీ తలుపు తట్టవచ్చు.

ఈమెయిలుతో సరిపెట్టకండి. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీప్ట్‌తో పంపండి. పోస్టాఫీసులో ఒక ఆకుపచ్చ కార్డు అతికిస్తారు (మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆకుపచ్చ కార్డు కాదు, ఇది వారంలో వస్తుంది). అవతలివాళ్ల సంతకంతో అది మీకు తిరిగి వస్తుంది. ఉత్తరంలో వచ్చే మనిషి పేరు, ప్రస్తుత చిరునామా, ఉద్యోగం చేసే చోటు, మీరు వెళ్లడానికి కారణం, ఏ తేదీ నుంచి అన్నది రాయండి. జీతం కాగితాలు, క్రెడిట్ నివేదిక జతచేయండి. ఉత్తరం నకలు, పోస్టాఫీసు రశీదు కలిపి ఒకే పిన్నుతో కుట్టిపెట్టుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర ఉత్తరం ఉంటుంది, రశీదు ఉండదు.

శ్రీకరం · జనవరి 13

ఇంత తతంగం ఎందుకండీ? సెప్టెంబరు దాకా వారాల లెక్కన పర్యాటకులకు ఇవ్వండి, అద్దెకు రెట్టింపు వస్తుంది. లేదా ఎవరికైనా రెండు మూడు వేలు తీసుకుని తాళాలు ఇచ్చేయండి. స్టెబిలైజ్డ్ ఇంటికి అంతమాత్రం ఇచ్చేవాళ్లకు కొదవ లేదు.

నిర్వాహకుడు · జనవరి 13

శ్రీకరం గారి టపా తీసేయకుండా ఉంచుతున్నాను, ఎందుకు పనికిరాదో అందరికీ తెలియాలని. న్యూయార్క్ నగరంలో 30 రోజుల కంటే తక్కువకు ఇల్లు ఇవ్వాలంటే నగరం దగ్గర నమోదు చేసుకోవాలి, అతిథులు ఉన్నప్పుడు మీరూ ఆ ఇంట్లోనే ఉండాలి. 2023 సెప్టెంబరు నుంచి ఆ నియమం గట్టిగా అమలవుతోంది. స్టెబిలైజ్డ్ ఇంట్లో ఆ పని చేస్తే ఏకంగా ఖాళీ చేయించే కేసే వేస్తారు. తాళాలు అమ్ముకోవడం గురించి చెప్పనవసరం లేదు. ఇక్కడ అలాంటి సలహాలు వద్దు.

గోదారి గట్టు · జనవరి 13

నాది కొంచెం వేరే కథ. ఉద్యోగం పోయింది. హెచ్-1బీలో 60 రోజుల గడువు ఉంటుందని అందరికీ తెలిసిందే. ఆ గడువులో కొత్త ఉద్యోగం దొరక్క ఇండియాకు తిరిగి వచ్చేశాను. వీసా పోయింది కాబట్టి లీజు దానంతట అదే రద్దవుతుందని కొందరు చెప్పారు. అలాంటి నియమం న్యూయార్క్ చట్టంలో ఎక్కడా లేదు. సైన్యంలో చేరినవాళ్లకు, గృహహింస బాధితులకు, 62 ఏళ్లు నిండి ఆరోగ్య కారణాలతో కుటుంబ సభ్యుల ఇంటికో సంరక్షణ కేంద్రానికో వెళ్లేవాళ్లకు ప్రత్యేక మినహాయింపులున్నాయి. ఉద్యోగం పోయినవాడికి లేదు.

నేను యజమానితో సరెండర్ ఒప్పందం రాసుకున్నాను. ఒక పేజీ కాగితం. ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాను, ఆ తేదీ తర్వాత ఒకరికొకరు బాకీ లేరు, డిపాజిట్ ఇంత తిరిగి ఇస్తారు, ఇద్దరి సంతకాలు. నెలన్నర అద్దెకు బేరం తెగింది. 227-ఈ చూపించి ఇంకా తగ్గించవచ్చేమో, కానీ విమానం టికెట్ చేతిలో ఉన్నవాడికి బేరమాడే ఓపిక ఎక్కడిది?

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఖాళీ చేశాక 14 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, ఏమైనా కోసుకుంటే ఎందుకు కోశారో వివరంగా రాసి ఇవ్వాలి. అది చెక్కు రూపంలో వస్తుంది. రాజమండ్రిలో కూర్చుని అమెరికా చెక్కు మార్చుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. అక్కడి బ్యాంకు ఖాతా మూయకండి, నమ్మకమైన మనిషి చిరునామా ఇవ్వండి.

పాత కాపు · జనవరి 14

గోదారి గట్టు గారు మంచి మాట చెప్పారు. బేరంలో వాళ్లు చేర్చే మరో పద్దు బ్రోకరు ఖర్చు. 2025 జూన్ 11 నుంచి నగరంలో నియమం మారింది. యజమాని పెట్టుకున్న బ్రోకరుకు యజమానే డబ్బు ఇవ్వాలి, కొత్త అద్దెదారు నెత్తిన వేయకూడదు. దాంతో ఆ ఖర్చును వెళ్లిపోయేవాళ్ల దగ్గర రాబట్టుకోవాలని చూస్తున్నారు. అడిగితే రశీదు చూపించమనండి.

బేరానికి కూర్చునే ముందు డీహెచ్‌సీఆర్ (స్టెబిలైజ్డ్ అద్దెలను పర్యవేక్షించే రాష్ట్ర గృహ విభాగం) నుంచి మీ ఇంటి అద్దె చరిత్ర తెప్పించుకోండి. ఉచితం. ఏ ఏడాది ఏ అద్దె నమోదైందో వరుసగా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా పెంపు లెక్కకు మించి దూకి ఉంటే, ఆరేళ్ల వెనక్కి వెళ్లి తిరిగి అడిగే హక్కు మీకుంది. ఆ కాగితం మీ చేతిలో ఉందని తెలిస్తే ఫోన్‌లో మాట్లాడే ఆవిడ గొంతు మారుతుంది.

ఇంకో ప్రశ్న. మొదటి రోజే అడగాల్సింది. లీజు మీద ఎవరెవరి పేర్లున్నాయి? ఆ ఇంట్లో మీరిద్దరూ, పాప కాకుండా ఇంకెవరైనా ఉంటున్నారా?

బ్రయర్‌వుడ్ వాసి · జనవరి 14

లీజు మీద నా పేరు, మా ఆవిడ పేరు రెండూ ఉన్నాయి. మా బావమరిది 2023 వేసవి నుంచి మాతోనే ఉంటున్నాడు. హాల్లో మంచం వేసుకున్నాడు. ఇప్పుడు మన్‌హటన్‌లో ఉద్యోగం, హెచ్-1బీ మీద. మేము వెళ్లిపోతే ఏదైనా గది చూసుకోవాలని వెతుకుతున్నాడు. ఎందుకు అడిగారు?

పాత కాపు · జనవరి 14

అతను గది వెతకడం ఆపమనండి. లక్ష్మి గారూ, మీరు చెప్పండి, మీకే బాగా తెలుసు.

లక్ష్మి, ఫారెస్ట్ హిల్స్ · జనవరి 14

ఇది ముందే తెలిసి ఉంటే అసైన్‌మెంట్ గురించి అంత పొడుగ్గా రాసేదాన్ని కాదు.

స్టెబిలైజ్డ్ ఇంట్లో వారసత్వ హక్కు అనేది ఒకటుంది. అద్దెదారు శాశ్వతంగా వెళ్లిపోయినా, మరణించినా, అంతకుముందు రెండేళ్లు అదే ఇంట్లో ప్రధాన నివాసంగా కలిసి ఉన్న కుటుంబ సభ్యుడు తన పేరు మీద లీజు పొందవచ్చు. వయోవృద్ధులకు, వికలాంగులకు ఏడాది చాలు. అద్దె అదే క్రమంలో సాగుతుంది, బోర్డు ప్రకటించిన పెంపు ఉంటుంది గానీ, వారసత్వం పేరుతో మరే పెంపూ ఉండదు.

కుటుంబ సభ్యుడంటే ఎవరన్నదానికి జాబితా ఉంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, అత్తమామలు, అల్లుళ్లు, కోడళ్లు. బావమరిది లేడు! లీజు మీద మీ ఒక్కరి పేరే ఉండి ఉంటే, కుటుంబంలా ఆర్థికంగా, మానసికంగా ముడిపడి బతికామని నిరూపించుకోవాల్సి వచ్చేది. ఆ దారి తెరిచింది 1989లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన బ్రాష్చీ తీర్పు. దారి ఉంది గానీ నడవడం కష్టం. మీ విషయంలో ఆ అవసరమే లేదు. అతను మీకు బావమరిది అయినా మీ ఆవిడకు తమ్ముడు, ఆవిడ లీజు మీద ఉన్న అద్దెదారు. తమ్ముడు జాబితాలో ఉన్నాడు.

2023 వేసవి నుంచి అంటే మార్చికి రెండేళ్లు దాటిపోయాయి. దానికి రుజువులు పోగుచేయండి. ఆ చిరునామాతో ఉన్న పన్ను రిటర్నులు, జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డ్రైవింగ్ లైసెన్సు. ఫోన్ బిల్లు ఒక్కటే చూపిస్తే నవ్వుతారు.

వేపపుల్ల · జనవరి 15

రెండేళ్ల లెక్కలో కొంతకాలం అతను విద్యార్థి వీసా మీద ఉండి ఉండవచ్చు కదా? పర్యాటక వీసా మీద ఉన్న మనిషికి న్యూయార్క్‌లో ప్రధాన నివాసం ఉండటం కుదరదని 2008లో బియాంకా జాగర్ అనే అద్దెదారు కేసులో తీర్పు వచ్చింది. పార్క్ ఎవెన్యూ ఫ్లాటు. ఆ తీర్పు పట్టుకుని విద్యార్థి వీసాకూ అదే వాదన చేసే లాయర్లున్నారు. మంచి వార్త వచ్చిందని గంతులేసే ముందు అదీ చూసుకోండి.

లక్ష్మి, ఫారెస్ట్ హిల్స్ · జనవరి 15

అవసరమైన హెచ్చరికే. బ్రయర్‌వుడ్ గారూ, హెచ్-1బీ ఎప్పుడు మొదలైందో చూడండి.

బ్రయర్‌వుడ్ వాసి · జనవరి 15

2023 అక్టోబరు 1న. చదువు అయిపోయాకే మా దగ్గరికి వచ్చాడు. అప్పటి నుంచి లెక్కపెట్టినా రెండేళ్లు నిండాయి.

లక్ష్మి, ఫారెస్ట్ హిల్స్ · జనవరి 15

అయితే వేపపుల్ల గారి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఇక జాగ్రత్తలు చెబుతాను.

డీహెచ్‌సీఆర్ వెబ్‌సైటులో ఆర్ఏ-23.5 అనే ఫారం ఉంటుంది. 'నాతో పాటు ఫలానా కుటుంబ సభ్యుడు ఫలానా తేదీ నుంచి ఉంటున్నాడు' అని యజమానికి తెలియజేసేది. మీ ఆవిడ సంతకంతో, ఇల్లు వదలక ముందే, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. పంపనంత మాత్రాన హక్కు పోదు, పంపితే రేపు నిరూపించుకోవడం తేలికవుతుంది.

రెండోది అందరూ తడబడే చోటు. లీజు గడువు సెప్టెంబరు 30 కాబట్టి, దానికి 150 నుంచి 90 రోజుల ముందు, అంటే మే మొదటి వారం నుంచి జులై మొదటి వారం మధ్యలో రెన్యూవల్ ఫారం వస్తుంది. మీ ఇద్దరి పేర్ల మీదే వస్తుంది. టెక్సస్ నుంచి దాని మీద సంతకాలు చేసి పంపకండి. ఇల్లు వదిలేశాక కూడా పాత అద్దెదారు సంతకాలు చేస్తూ పోతే 'వీళ్లు వెళ్లనే లేదు' అని యజమాని వాదిస్తాడు. అప్పుడు రెండేళ్ల లెక్క అంతా తారుమారవుతుంది. ఆ సమయానికి మీ తమ్ముడే (క్షమించాలి, మీ ఆవిడ తమ్ముడు) తన పేరు మీద లీజు కావాలని ఉత్తరం రాయాలి. వెళ్లే ముందు మీరిద్దరూ ఫలానా తేదీన శాశ్వతంగా వెళ్లిపోతున్నామని యజమానికి రాసి పంపండి. సెప్టెంబరు దాకా లీజు మీ పేర్ల మీదే ఉంటుంది, అంటే అతను అద్దె కట్టకపోతే మీరే బాధ్యులు. ఆ మాట ఇంట్లో కూర్చుని మొహమాటం లేకుండా మాట్లాడుకోండి.

ఒకసారి లాయరుకు చూపించండి. 311కు (నగర ప్రభుత్వ సేవల నంబరు) ఫోన్ చేసి టెనెంట్ హెల్ప్‌లైన్ కావాలంటే నగరమే ఉచితంగా కలుపుతుంది. మెట్రోపాలిటన్ కౌన్సిల్ ఆన్ హౌసింగ్ అనే అద్దెదారుల సంఘానికీ హాట్‌లైన్ ఉంది.

జెర్సీ జనార్దన్ · జనవరి 15

న్యూయార్క్‌లో అద్దె ఇల్లు కూడా పిత్రార్జితమేనన్నమాట! మా జెర్సీలో ఇంత లేదు.

రెగో పార్క్ రాధిక · జనవరి 17

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఇంట్లో ఈ చలికాలమంతా వేడి సరిగ్గా రావడం లేదు. ఆ కారణంతో లీజు రద్దు చేసుకోవచ్చా?

పాత కాపు · జనవరి 17

రాధిక గారూ, ఒక్కసారిగా కుదరదు. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల 68 ఉండాలి, రాత్రి బయట ఎంతున్నా 62 ఉండాలి. చిన్న థర్మామీటరు కొని, గది మధ్యలో పెట్టి, తేదీ సమయంతో ఫోటోలు తీయండి. ప్రతిసారీ 311కు ఫిర్యాదు చేయండి, నగరం ఇన్‌స్పెక్టరును పంపుతుంది. దానివల్ల అద్దె తగ్గింపు దొరకవచ్చు. ఇల్లు ఉండటానికి వీల్లేనంత ఘోరంగా మారి, ఆ కారణంగానే మీరు వెళ్లిపోయారని రుజువైతేనే లీజు నుంచి బయటపడతారు. మిగతాది కొత్త చర్చగా మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

బ్రయర్‌వుడ్ వాసి · ఫిబ్రవరి 20

ఏమైందో చెప్పాలని వచ్చాను. లాయరును కలిశాం. ఫారం, దానితో పాటు మార్చి 28న శాశ్వతంగా వెళ్తున్నామన్న ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాం. ఆకుపచ్చ కార్డు వచ్చింది.

వింత ఏమిటంటే, కార్డు వెనకాలే మేనేజ్‌మెంట్ నుంచి ఈమెయిలు. 'మీ పరిస్థితి అర్థం చేసుకున్నాం. మార్చి 31కల్లా ఇల్లు పూర్తిగా ఖాళీ చేసి అప్పగిస్తే మిగిలిన నెలల అద్దె అడగం, డిపాజిట్ పూర్తిగా తిరిగి ఇస్తాం' అని. జనవరిలో 7,280 కంటే పైసా కూడా తగ్గేది లేదన్న ఆవిడే! 'పూర్తిగా ఖాళీ' అన్న మాట కింద గీత కూడా గీసింది.

వేపపుల్ల · ఫిబ్రవరి 20

హఠాత్తుగా ఇంత దయ ఎక్కడి నుంచి పొంగింది?

పాత కాపు · ఫిబ్రవరి 20

దయ కాదు, లెక్క. 2019కి ముందు స్టెబిలైజ్డ్ ఇల్లు ఖాళీ అయితే చాలు, అద్దె 20 శాతం దాకా పెంచుకునే వీలుండేది. అద్దె ఒక మెట్టు దాటితే నియంత్రణ నుంచే ఇల్లు బయటపడేది. ఆ రెండూ పోయాయి. మిగిలింది ఒకటే, లోపల మరమ్మతులు చేసి ఆ ఖర్చులో కొంత భాగాన్ని అద్దెలో కలుపుకోవడం. ఆ పరిమితి 15,000 ఉండేది, 2024 అక్టోబరు నుంచి 30,000 అయింది, కొన్ని ఇళ్లకు 50,000 దాకా. 35 కంటే ఎక్కువ ఫ్లాట్లున్న భవనంలో ఖర్చులో 180వ వంతు నెల అద్దెకు చేరుతుంది. 30,000 అయితే నెలకు 166 డాలర్ల పైచిలుకు, అదీ శాశ్వతంగా. ఇంట్లో మనిషి ఉండగా ఆ పని చేయాలంటే అతని రాతపూర్వక అంగీకారం కావాలి. ఇల్లు ఖాళీగా ఉంటే ఏ అద్దెదారునీ అడగనక్కర్లేదు. మీ బావమరిది అక్కడే ఉంటే ఆ వంటింటికి పాత అలమరాలే గతి.

అందుకే మీరు వెళ్లిపోవడం వాళ్లకు నష్టమని జనవరిలో చెప్పినదాన్ని నేను నమ్మలేదు. ఇప్పుడు వాళ్లే ఒప్పుకున్నారు. ఎవరూ ఉండబోవడం లేదనుకుంటే ఈ ఈమెయిలు బంగారం, వెంటనే సంతకాలు చేయించుకోవాల్సింది. మీ ఇంట్లో ఉండే మనిషి ఉన్నాడు. తేల్చుకోవాల్సింది అతను.

బ్రయర్‌వుడ్ వాసి · ఫిబ్రవరి 22

అతను ఉంటానన్నాడు. మా ఆవిడ రెండు రోజులు అతన్ని కూర్చోబెట్టి లెక్కలు వేయించింది. ఒక్కడే 1,860 కట్టడం బరువే, కానీ విడిగా తీసుకుంటే ఆ డబ్బుకు అటువైపు స్టూడియో కూడా దొరకడం లేదు. సెప్టెంబరు దాకా తను అద్దె కట్టకపోతే మేము కట్టి, తర్వాత అతని పెళ్లి ఖర్చుల్లో కోసుకుంటామని మా అత్తగారి ముందు ఒప్పందం. మేనేజ్‌మెంట్‌కు లాయరు చేతనే జవాబు రాయించాం: మేమిద్దరం వెళ్తున్నాం, మా ఆవిడ తమ్ముడు ఉంటున్నాడు, రెన్యూవల్ సమయంలో తన పేరు మీద లీజు అడుగుతాడు. ఇంకా జవాబు రాలేదు.

ఒక చివరి సందేహం. అతను ఒక రూమ్‌మేట్‌ను తెచ్చుకుని 1,200 తీసుకుంటే ఏమైనా ఇబ్బందా? పడకగది రూమ్‌మేట్‌కు ఇచ్చి తను హాల్లోనే ఉంటానంటున్నాడు.

లక్ష్మి, ఫారెస్ట్ హిల్స్ · ఫిబ్రవరి 22

ఇబ్బందే. రూమ్‌మేట్‌ను పెట్టుకునే హక్కు ఉంది, కానీ స్టెబిలైజ్డ్ ఇంట్లో రూమ్‌మేట్ దగ్గర అతని వాటాకు మించి తీసుకోకూడదు. ఇద్దరుంటే సగం, అంటే 930. ఏ గది ఎవరిదన్నది లెక్కలోకి రాదు. వారసత్వం తేలేదాకా రూమ్‌మేట్‌ను అసలు తేవద్దని చెప్పండి. ఈ ఆరు నెలలూ ఆ ఇంటి మీద మేనేజ్‌మెంట్ వాళ్ల కన్ను ఉంటుంది. అద్దె మాత్రం అతని సొంత చెక్కుతో, ప్రతి నెలా మొదటి తేదీకే పంపించమనండి. ఆ చెక్కును వాళ్లు తీసుకున్నా, తిరిగి పంపినా, ఆ కాగితం కూడా దాచమనండి.